‘విత్ ఎ వ్యూ టు’ తర్వాత ‘ఇంప్రూవ్’ రాయాలా, ‘ఇంప్రూవింగ్’ రాయాలా?

(చర్చావేదికలో ఒక ప్రశ్న, దానికి వచ్చిన జవాబులు. ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారు పెట్టుకున్న పేరు.)

కృష్ణలంక

మండల ఆఫీసులో ఇవ్వాల్సిన వినతిపత్రం ఒకటి ఇంగ్లీషులో తయారవుతోంది. మొదటి వాక్యం దగ్గరే పేచీ వచ్చింది.

“విత్ ఎ వ్యూ టు ఇంప్రూవ్ ద డ్రింకింగ్ వాటర్ సప్లై ఇన్ అవర్ విలేజ్, వుయ్ రిక్వెస్ట్ యూ టు శాంక్షన్ ఎ న్యూ ఓవర్‌హెడ్ ట్యాంక్.”

‘ఇంప్రూవ్’ కాదు ‘ఇంప్రూవింగ్’ అనాలని ఒకరి మాట. ‘టు’ వెనక ‘ఐఎన్‌జీ’ ఎలా వస్తుందని ఇంకొకరి మాట. ఏది సరైనది, ఎందుకు? ఇంకో సందేహం కూడా ఉంది. ‘ఇన్ వ్యూ ఆఫ్’ అన్నా ఇదే అర్థమా? ఒకదాని బదులు ఇంకొకటి వాడొచ్చా?

వ్యాకరణం వీధి

‘ఇంప్రూవింగ్’ సరైనది.

ఇంగ్లీషులో ‘టు’లు రెండు రకాలు. ఒకటి క్రియకు ముందు వచ్చేది: ‘వాంట్ టు గో’, ‘ఇన్ ఆర్డర్ టు పాస్’. దీని వెనక క్రియ మూలరూపమే ఉంటుంది. రెండోది మన విభక్తి ప్రత్యయం చేసే పని చేసేది, అంటే ప్రిపొజిషన్: ‘గో టు గుంటూరు’. దీని వెనక నామవాచకమే రావాలి. అక్కడ క్రియ పెట్టాలంటే ముందు దాన్ని నామవాచకంగా మార్చుకోవాలి. ఆ మార్పు చేసేది ‘ఐఎన్‌జీ’. ‘విత్ ఎ వ్యూ టు’లో ఉన్నది ఈ రెండో ‘టు’.

మన భాషలో చూస్తే ఇది కొత్తేమీ కాదు. ‘మెరుగుపరచడానికి’ అన్న మాటను విడదీయండి: ‘మెరుగుపరచడం’, దానికి ‘కి’. ‘మెరుగుపరచు’కు నేరుగా ‘కి’ తగిలించం. ముందు ‘అడం’ చేర్చి నామవాచకం చేసుకున్నాకే ‘కి’ పెడతాం. ఇక్కడి ‘టు’ మన ‘కి’ అనుకోండి, ‘ఇంప్రూవింగ్’ మన ‘మెరుగుపరచడం’.

ఇదే తీరులో ‘ఐఎన్‌జీ’ కోరేవి ఇంకా ఉన్నాయి: ‘లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్’, ‘కమిటెడ్ టు సర్వింగ్’, ‘అబ్జెక్ట్ టు పేయింగ్’, ‘అకస్టమ్డ్ టు వర్కింగ్’, ‘ఇన్ అడిషన్ టు టీచింగ్’. ఉత్తరాల చివర ‘లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యూ’ అని తరచూ కనిపిస్తుంది. అక్కడ ‘హియరింగ్’ ఉండాలి.

బ్లాక్‌బోర్డు

వ్యాకరణం వీధి గారి వివరణ బాగుంది. కానీ ఒక చిక్కుంది. ‘ఇన్ ఆర్డర్ టు ఇంప్రూవ్’ని తెలుగులో చెప్పినా ‘మెరుగుపరచడానికే’. ఇంగ్లీషులో రెండు ‘టు’లు ఉన్నచోట మనకు ‘డానికి’ ఒక్కటే. తెలుగులోంచి ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు తప్పు దొర్లేది ఇక్కడే. అందుకే తెలుగు అర్థం చూసి తేల్చుకోవడం కుదరదు, వేరే పరీక్ష కావాలి.

‘టు’ తర్వాత క్రియ తీసేసి ఒక నామవాచకమో ‘ఇట్’ అన్న సర్వనామమో పెట్టి చూడాలి. ‘లుక్ ఫార్వర్డ్ టు ఇట్’ నిలబడుతుంది. ‘విత్ ఎ వ్యూ టు ఎ సెటిల్‌మెంట్’ నిలబడుతుంది. ‘ఇన్ ఆర్డర్ టు ఇట్’, ‘సో యాజ్ టు ఎ సెటిల్‌మెంట్’ నిలబడవు. నిలబడిన చోట ‘ఐఎన్‌జీ’, నిలబడని చోట మూలరూపం.

‘యూజ్డ్ టు’ మాత్రం రెండు వైపులా ఉంటుంది. ‘ఐ యూజ్డ్ టు గెట్ అప్ ఎట్ ఫైవ్’ అంటే ఒకప్పుడు లేచేవాణ్ని, ఇప్పుడు ఆ అలవాటు లేదు. ‘ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎట్ ఫైవ్’ అంటే ఐదింటికి లేవడం నాకు అలవాటే. మధ్యలో ‘యామ్, ఈజ్, ఆర్’ ఉంటే ‘ఐఎన్‌జీ’ అని గుర్తుపెట్టుకుంటే మనిషి విషయంలో పొరపాటు రాదు. వస్తువు విషయంలో రావచ్చు: ‘ఎ నైఫ్ ఈజ్ యూజ్డ్ టు కట్’ అంటే కోయడానికి వాడతారని, అక్కడ మూలరూపమే.

పోటీ పరీక్షల్లో తప్పు పట్టమనే ప్రశ్నల్లో ‘విత్ ఎ వ్యూ టు’ పాత చుట్టం. వాక్యాన్ని ముక్కలు చేసి, ‘విత్ ఎ వ్యూ టు’ ఒక ముక్క చివర, ‘పాస్ ది ఎగ్జామ్’ తర్వాతి ముక్క మొదట పెడతారు. రెండు ముక్కలూ విడివిడిగా చూస్తే బాగానే ఉంటాయి. కలిపి చదివితేనే తప్పు బయటపడుతుంది.

ఫైలునోటు

‘ఇంప్రూవింగ్’ అని దిద్దుకున్నాక కూడా ఆ వినతిపత్రం వాక్యం పూర్తిగా కుదురుకోలేదు. వ్యాకరణం తప్పని కాదు, చోటు తప్పు.

‘విత్ ఎ వ్యూ టు’తో వాక్యం మొదలైతే ఆ ఉద్దేశం ఎవరిదన్న ప్రశ్నకు జవాబు కామా తర్వాత వచ్చే కర్త దగ్గర దొరకాలి. ఇక్కడ కర్త ‘వుయ్’, అంటే అర్జీ ఇచ్చేవాళ్లు. వాళ్లు చేస్తున్న పని ‘రిక్వెస్ట్’. నీటి సరఫరా మెరుగుపరిచేది వాళ్లు కాదు, ట్యాంకు మంజూరు చేసేవాళ్లు. లాక్కొచ్చి అర్థం చెప్పుకోవచ్చు గానీ, చదివే అధికారికి వాక్యం వదులుగా తగులుతుంది.

ఈ పదబంధం అసలు చోటు మంజూరు ఉత్తర్వు: “విత్ ఎ వ్యూ టు ఇంప్రూవింగ్ ద వాటర్ సప్లై, ద గవర్నమెంట్ హ్యాజ్ శాంక్షన్డ్ ఎ న్యూ ట్యాంక్.” ఇక్కడ ఆలోచన చేసిందీ, పని చేసిందీ ఒకరే.

అర్జీలో ముందు నిలవాల్సింది కారణం. అక్కడికి మీరు అడిగిన రెండోది సరిగ్గా పనికొస్తుంది: “ఇన్ వ్యూ ఆఫ్ ది అక్యూట్ షార్టేజ్ ఎవ్రీ సమ్మర్, వుయ్ రిక్వెస్ట్ యూ టు శాంక్షన్ ఎ న్యూ ఓవర్‌హెడ్ ట్యాంక్.” ఏటా ఎండాకాలం నీళ్లు చాలడం లేదు కాబట్టి, అని. ‘ఇన్ వ్యూ ఆఫ్’ ఇప్పటికే ఉన్న పరిస్థితిని చూపిస్తుంది, ‘విత్ ఎ వ్యూ టు’ ఇంకా జరగాల్సిన దాన్ని చూపిస్తుంది. ఒకదాని బదులు ఇంకొకటి పెడితే అర్థం తలకిందులవుతుంది. ‘ఇన్ వ్యూ ఆఫ్ ఇంప్రూవింగ్ ద వాటర్ సప్లై’ అని కొన్ని నోట్‌ఫైళ్లలో రాస్తుంటారు. అది రెండిటినీ కలిపి చేసిన తప్పు.

ఆ వాక్యం తర్వాత వెంటనే లెక్కలు రావాలి: ఎన్ని ఇళ్లు, ఇప్పుడున్న ట్యాంకు ఎన్ని వేల లీటర్లది, రోజు విడిచి రోజు వస్తున్నాయా, ఎంతసేపు వస్తున్నాయి. అవి లేకపోతే ‘అక్యూట్’ అన్న మాటకు బలం ఉండదు.

తర్జుమా బల్ల

తెలుగులోకి తెచ్చేటప్పుడు జరిగే తప్పు ఒకటుంది, అది చెప్పాలి. రెండు పదబంధాల్లోనూ ‘వ్యూ’ ఉంది కాబట్టి రెండిటికీ ‘దృష్ట్యా’ అని రాసేస్తారు. ‘దృష్ట్యా’ దాదాపు ఎప్పుడూ ‘ఇన్ వ్యూ ఆఫ్’ వైపే నిలుస్తుంది.

సంక్రాంతి ముందు వచ్చే రైల్వే ప్రకటనలు చూడండి. “ప్రయాణికుల రద్దీ దృష్ట్యా ప్రత్యేక రైళ్లు.” రద్దీ ఉంది, అందుకని రైళ్లు. ఇది కారణం. అదే సంగతిని “రద్దీని తగ్గించేందుకు ప్రత్యేక రైళ్లు” అన్నారనుకోండి, ఇది ఉద్దేశం. మొదటిదానికి ఇంగ్లీషు ‘ఇన్ వ్యూ ఆఫ్ ద రష్’, రెండోదానికి ‘విత్ ఎ వ్యూ టు క్లియరింగ్ ద రష్’ లేదా మామూలుగా ‘టు క్లియర్ ద రష్’. రైళ్లు అవే, రద్దీ అదే. వాక్యం మాత్రం ఒకసారి వెనక్కి చూస్తుంది, ఒకసారి ముందుకు చూస్తుంది. తెలుగులో ‘రద్దీ తగ్గించే దృష్ట్యా’ అంటే చెవికి ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బందే సరైన పరీక్ష.

‘విత్ ఎ వ్యూ టు’కి సందర్భాన్ని బట్టి ఇవి కుదురుతాయి. ఆఫీసు భాషలో ‘ఉద్దేశంతో’, ‘లక్ష్యంతో’. పత్రికల్లో ‘ఏందుకు’ రూపం: పెంచేందుకు, నివారించేందుకు. మాటల్లో ‘ఆలని’: “ఇల్లు కట్టుకోవాలని స్థలం కొన్నాడు.” నన్నడిగితే ఈ ‘ఆలని’ రూపమే దానికి అన్నిటికంటే దగ్గరిది. ‘కట్టుకోవాలని కొన్నాడు’ అంటే కొనడం అయిపోయింది, కట్టడం ఇంకా మనసులో ఉంది. ‘హీ బాట్ ద ల్యాండ్ విత్ ఎ వ్యూ టు బిల్డింగ్ ఎ హౌస్’లో ఉన్నది సరిగ్గా ఈ దూరమే. ఇల్లు లేచిందో లేదో ఆ వాక్యం చెప్పదు.

‘వీక్షణతో’, ‘దృక్కోణంతో’ అని తెలుగు చేస్తే మాత్రం చదివేవాళ్లకు ఏమీ అందదు. ఇక్కడ ‘వ్యూ’ కంటితో చూసేది కాదు, మనసులో పెట్టుకున్నది.

కృష్ణలంక

ఇన్ని వివరాలు దొరుకుతాయనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. ఫైలునోటు గారు చెప్పినట్టు వాక్యం మారుస్తాం. ఇంకో ప్రశ్న. ‘విత్ ఎ వ్యూ ఆఫ్’ అని కూడా కనిపించింది. అది అచ్చుతప్పా? ‘విత్ ద వ్యూ టు’ అనొచ్చా?

సెక్షన్ చూసి చెప్తా

‘విత్ ఎ వ్యూ ఆఫ్’ ఒకప్పుడు ఉద్దేశం అర్థంలో మామూలుగా నడిచింది. బ్రిటన్‌లో 1890 నాటి పార్ట్‌నర్‌షిప్ చట్టం మొదటి సెక్షన్లో భాగస్వామ్యాన్ని నిర్వచిస్తూ ‘విత్ ఎ వ్యూ ఆఫ్ ప్రాఫిట్’ అనే ఉంది. మన దేశంలో 2008 నాటి లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్ చట్టం 11వ సెక్షన్లో ‘విత్ ఎ వ్యూ టు ప్రాఫిట్’ అని ఉంది. భావం అదే, ‘ఆఫ్’ పోయి ‘టు’ వచ్చింది. ఈ రోజు ‘విత్ ఎ వ్యూ ఆఫ్’ అంటే కిటికీలోంచి కనిపించే దృశ్యం: ‘ఎ రూమ్ విత్ ఎ వ్యూ ఆఫ్ ద సీ’, సముద్రం కనిపించే గది. ఉద్దేశానికి వాడొద్దు. ‘ద వ్యూ టు’ కూడా వద్దు. ఇది గట్టిపడిన పదబంధం, ‘ఎ’ని కదపకూడదు.

‘విత్ ఎ వ్యూ టు ప్రాఫిట్’కి తెలుగులో చక్కటి మాట సిద్ధంగా ఉంది: లాభాపేక్షతో. ‘లాభాపేక్ష లేని సంస్థ’ అని మనం రోజూ అంటున్నదే.

సరైన వాడుకకు గట్టి ఉదాహరణలు అంతర్జాతీయ పత్రాల్లో దొరుకుతాయి. 1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టర్ 55వ అధికరణం ‘విత్ ఎ వ్యూ టు ద క్రియేషన్ ఆఫ్ కండిషన్స్ ఆఫ్ స్టెబిలిటీ అండ్ వెల్‌బీయింగ్’ అని మొదలవుతుంది. ఇక్కడ ‘టు’ వెనక నేరుగా నామవాచకమే ఉంది. 1966 నాటి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడిక 2వ అధికరణంలో ‘విత్ ఎ వ్యూ టు అచీవింగ్ ప్రోగ్రెసివ్‌లీ’ అని ఉంది. 1989 నాటి బాలల హక్కుల ఒప్పందం 28వ అధికరణంలో, చదువు హక్కు గురించి చెప్పేచోట, మళ్లీ ‘విత్ ఎ వ్యూ టు అచీవింగ్’. ఒడంబడికలో ఆ మాట ఊరికే పెట్టింది కాదు. హక్కులన్నీ రేపే పూర్తిగా అందాలని అక్కడ లేదు. వాటిని క్రమక్రమంగా సాధించే ఉద్దేశంతో, ఉన్న వనరుల మేరకు చర్యలు తీసుకోవాలని ఉంది. చర్య ఇప్పుడు, ఫలితం మున్ముందు. తర్జుమా బల్ల గారు చెప్పిన స్థలం, ఇల్లు వాక్యంలో ఉన్న దూరమే ఇక్కడ చట్టబద్ధమైన అర్థంగా నిలిచింది.

దగ్గరి చుట్టాలు రెండు ఉన్నాయి, వాటినీ కలగలపకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో బలవంతం గురించి చెప్పే 15వ సెక్షన్లో ‘విత్ ది ఇంటెన్షన్ ఆఫ్ కాజింగ్’ అని, మోసం గురించి చెప్పే 17వ సెక్షన్లో ‘విత్ ఇంటెంట్ టు డిసీవ్’ అని ఉన్నాయి. ‘ఇంటెన్షన్ ఆఫ్’ తర్వాత ‘ఐఎన్‌జీ’, ‘ఇంటెంట్ టు’ తర్వాత మూలరూపం. ‘ఇంటెంట్’ అన్నచోట సాధారణంగా తప్పుడు పని వాసన ఉంటుంది. గ్రామ అభివృద్ధి అర్జీలో ‘విత్ ఇంటెంట్ టు’ రాస్తే నేరారోపణలా ఉంటుంది.

సూటిగా

ఇదంతా నిజమే. కానీ అసలు ఈ పదబంధం అవసరమా? ‘టు ఇంప్రూవ్’ అంటే రెండు మాటల్లో అయిపోతుంది. ‘ఇన్ ఆర్డర్ టు’ కూడా అంతే, ‘ఇన్ ఆర్డర్’ తీసేస్తే అర్థంలో ఏమీ తగ్గదు. మంచినీళ్ల గురించి రాసే కాగితంలో ఇంత బరువు దేనికి?

ఫైలునోటు

సూటిగా గారూ, చాలా చోట్ల మీ మాటే సరి. ‘హీ వెంట్ టు ద కిచెన్ విత్ ఎ వ్యూ టు డ్రింకింగ్ వాటర్’ అని ఎవరూ అనరు. పని చిన్నదైతే, ఫలితం వెంటనే వచ్చేదైతే ఉత్తి ‘టు’ చాలు. కొంత కాలం పట్టే, ముందుగా ఆలోచించి చేసే పనికే ‘విత్ ఎ వ్యూ టు’. పైగా ఆలోచించగల కర్త ఉండాలి: మనిషో, సంస్థో, ప్రభుత్వమో. ‘ద ట్యాంక్ హ్యాజ్ ఎ లిడ్ విత్ ఎ వ్యూ టు కీపింగ్ అవుట్ డస్ట్’ కుదరదు, ట్యాంకుకు ఉద్దేశాలుండవు. అక్కడ ‘టు కీప్ అవుట్ డస్ట్’.

‘ఇన్ ఆర్డర్’ను మాత్రం ఎప్పుడూ తీసేయలేం. ‘దే మేడ్ ఎ ప్లాన్ టు సేవ్ వాటర్’ అంటే నీటి పొదుపు పథకం వేశారని. ‘దే మేడ్ ఎ ప్లాన్ ఇన్ ఆర్డర్ టు సేవ్ వాటర్’ అంటే పథకం ఏదైనా కావచ్చు, దాన్ని వేసింది నీళ్లు మిగల్చడానికని. ‘ప్లాన్, డిసిషన్, పవర్, రైట్’ లాంటి నామవాచకం పక్కనే ‘టు’ వస్తే అది ఆ నామవాచకానికి అతుక్కుపోతుంది. విడదీయాలంటే ‘ఇన్ ఆర్డర్’ కావాలి. వ్యతిరేకార్థంలోనూ అంతే: ‘ఇన్ ఆర్డర్ నాట్ టు డిలే’, ‘సో యాజ్ నాట్ టు డిలే’ బాగుంటాయి. ఉత్తి ‘నాట్ టు డిలే’ బోసిగా ఉంటుంది. ‘విత్ ఎ వ్యూ టు నాట్ డిలేయింగ్’ ఇంకా వికారం. అక్కడ ‘విత్ ఎ వ్యూ టు అవాయిడింగ్ డిలే’ అని క్రియనే మార్చాలి.

2005 సమాచార హక్కు చట్టం మొదట్లో, దాని ఉద్దేశం చెప్పే పొడవాటి శీర్షికలో (లాంగ్ టైటిల్), ‘ఇన్ ఆర్డర్ టు ప్రమోట్ ట్రాన్స్‌పరెన్సీ అండ్ అకౌంటబిలిటీ’ అని ఉంది. దాని ముందున్నది పొడవాటి నామవాచకాల వరుస. ఆ వరుస నుంచి ఉద్దేశాన్ని విడదీసి చూపించింది ఆ రెండు మాటలే.

బ్లాక్‌బోర్డు

వ్యతిరేకార్థం ప్రస్తావన వచ్చింది కాబట్టి ‘లెస్ట్’ గురించి కూడా. ‘జారి పడకుండా మెల్లగా నడువు.’ ఇది ‘వాక్ స్లోలీ లెస్ట్ యూ షుడ్ స్లిప్’. మన ‘పడకుండా’లో ‘కాదు’ అన్న అర్థం క్రియలోనే కలిసి ఉంది. అందుకని ఇంగ్లీషులో కూడా ఒక ‘నాట్’ ఉండాలనిపించి ‘లెస్ట్ యూ షుడ్ నాట్ స్లిప్’ అని రాస్తారు. తప్పు. ఆ ‘నాట్’ ‘లెస్ట్’ లోపలే ఉంది. ‘నాట్’ పెట్టాలనుకుంటే ‘సో దట్ యూ డోంట్ స్లిప్’ అనాలి.

‘సో దట్’ వెనక కర్త, క్రియ రెండూ ఉన్న పూర్తి ఉపవాక్యం రావాలి. మన ‘ఏలా’ రూపం దీనికి సరిపోతుంది: ‘అందరికీ వినిపించేలా చెప్పాడు.’ ప్రధాన క్రియ భూతకాలమైతే ‘కుడ్’ లేదా ‘వుడ్’, వర్తమానమైతే ‘కెన్’ లేదా ‘విల్’. పని చేసేవాళ్లు ఒకరు, ఫలితం పొందేవాళ్లు ఇంకొకరు అయినప్పుడు ‘టు’ కంటే ఇదే శుభ్రంగా ఉంటుంది. వినతిపత్రంలో ‘సో దట్ ఎవ్రీ హౌస్ గెట్స్ వాటర్ డైలీ’ అంటే ఎవరికి ఏం అందాలో తెలిసిపోతుంది.

సెలవు చీటీల్లో ‘ఫర్ అటెండ్ మై సిస్టర్స్ మ్యారేజ్’ అని ఉంటుంది. ‘పెళ్లి కోసం’లోని ‘కోసం’ అలా ‘ఫర్’ అయి కూర్చుంటుంది. ‘టు అటెండ్’ చాలు. ‘ఫర్’ కావాలంటే నామవాచకం పెట్టి ‘ఫర్ మై సిస్టర్స్ మ్యారేజ్’. ‘ఫర్’తో ‘ఐఎన్‌జీ’ కలిసేది వస్తువు ఉపయోగం చెప్పేటప్పుడు: ‘ఎ నైఫ్ ఫర్ కటింగ్ వెజిటబుల్స్’.

డల్లాస్ తెలుగు

అమెరికా ఇంగ్లీషు చదివేవాళ్ల కోసం ఒక మాట. ఇక్కడి పత్రికల్లో ‘విత్ యాన్ ఐ టువర్డ్’ (ఈ ‘ఐ’ అంటే కన్ను) ఎక్కువగా కనిపిస్తుంది, ‘విత్ యాన్ ఐ టు’ కూడా ఉంది. అర్థం అదే, దాని వెనకా ‘ఐఎన్‌జీ’నే. కొంచెం తేలిక భాష. ‘ఇన్ ఆర్డర్ టు’కి ఇక్కడ అందరికీ తెలిసిన ఉదాహరణ 1787 రాజ్యాంగ పీఠిక: ‘వుయ్ ద పీపుల్... ఇన్ ఆర్డర్ టు ఫామ్ ఎ మోర్ పర్ఫెక్ట్ యూనియన్’. వెనక ‘ఫామ్’, మూలరూపం.

కృష్ణలంక

సవరించిన పాఠం ఇది. ఒకసారి చూడండి.

“ఇన్ వ్యూ ఆఫ్ ది అక్యూట్ షార్టేజ్ ఆఫ్ డ్రింకింగ్ వాటర్ ఎవ్రీ సమ్మర్, వుయ్ రిక్వెస్ట్ యూ టు శాంక్షన్ ఎ న్యూ ఓవర్‌హెడ్ ట్యాంక్ సో దట్ ఎవ్రీ హౌస్ గెట్స్ వాటర్ డైలీ. వుయ్ ఆల్సో రిక్వెస్ట్ ఎ జాయింట్ ఇన్‌స్పెక్షన్ విత్ ఎ వ్యూ టు ఫైనలైజ్ ద సైట్.”

వ్యాకరణం వీధి

మొదటి వాక్యం చక్కగా కుదిరింది. రెండో దాంట్లో ‘ఫైనలైజ్’ని ‘ఫైనలైజింగ్’ చేయండి. తనిఖీ ముందు, స్థలం తేలడం తర్వాత కాబట్టి ఇక్కడ ‘విత్ ఎ వ్యూ టు’ సరైన చోటే ఉంది.

తర్జుమా బల్ల

దీనికి తెలుగు ప్రతి కూడా జతచేస్తారుగా. మొదటి వాక్యంలో ‘ఏటా వేసవిలో తీవ్ర నీటి ఎద్దడి దృష్ట్యా’ అనొచ్చు. రెండో దాంట్లో మాత్రం ‘స్థలం ఖరారు చేసే నిమిత్తం ఉమ్మడి తనిఖీ’ అని రాయండి. అక్కడ ‘దృష్ట్యా’ వద్దు.